నడుము మీద మచ్చ

పుట్టుకతో వచ్చే లోపాలకి మన భాషలో పేర్లున్నాయి కానీ, కొన్ని పేర్లలోనే తీర్పు కూడా ఉంటుంది. పెదవి చీలి పుడితే గ్రహణం మొర్రి. అంటే గ్రహణం రోజు బయటికొచ్చిన తల్లిదే తప్పు. పుట్టుమచ్చలకైతే ఏకంగా ఫలితాలే రాసిపెట్టారు.

చర్ల వైపు ఉండే మా పెద్దమ్మ కూతురికి రెండో కాన్పులో పాప పుట్టింది. నెల తిరిగేసరికి నడుము కింద, సరిగ్గా వెన్నుపూస మీద, రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ ఉబ్బింది. "లక్ష్మీదేవి మచ్చ, దాని జోలికి పోకండి" అంది పెద్దమ్మ. టీకాలేసే ఏఎన్ఎమ్ మాత్రం పాపని బోర్లా తిప్పి చూసి, "అక్కా, ముందు వెన్నుకి స్కాన్ తీయించు" అని పట్టుబట్టింది.

అందులో లాజిక్ నాకు తర్వాత అర్థమైంది. పిండంలో చర్మమూ, నాడీవ్యవస్థా ఒకే పొర నుంచి విడిపోతాయి. నడుం మధ్యగీత మీద రక్తనాళాల గడ్డో, వెంట్రుకల కుచ్చో ఉంటే లోపల వెన్నుపాము కూడా సరిగా ఏర్పడకపోయి ఉండొచ్చు. స్టాన్లీ కాబ్ అనే డాక్టర్ 1915లోనే, చర్మం మీది మచ్చనీ, అదే ఎత్తులో వెన్నుపాములోని రక్తనాళాల చిక్కునీ కలిపి చూశాడు. ఆయన పేరుతో ఉన్న సిండ్రోమ్ చాలా అరుదు. పాపది అది కాదు, టెథర్డ్ కార్డ్. వెన్నుపాము కింది కొస కొవ్వుకి అతుక్కుపోయింది. దూడకి కట్టిన పలుపు లాంటిదన్నమాట. పిల్ల ఎదిగేకొద్దీ బిగుస్తుంది, కాళ్ళలో బలం, మూత్రం మీద అదుపు మెల్లగా పోతాయి.

పుట్టిన మూడు నాలుగు నెలల దాకా వెన్నుపూసల వెనక భాగం ఇంకా పూర్తిగా ఎముక కాదు కాబట్టి అల్ట్రాసౌండ్‌లోనే వెన్నుపాము కనిపిస్తుంది. తర్వాతయితే ఎమ్మారై, అదీ పసిపిల్లలకి చాలాసార్లు మత్తిచ్చి. భద్రాచలంలో స్కాన్ అంటే బావకి ఒక రోజు కూలి పోతుంది. హైదరాబాద్ అంటే మూడొందల కిలోమీటర్ల పైమాటే. స్కాన్‌లో అనుమానం తేలింది కాబట్టే ఆ ప్రయాణం పెట్టుకున్నారు, లేకపోతే మచ్చ కోసం ఎవరు కదులుతారు!

హైదరాబాద్‌లో ఇంకో రకం గ్రహణం ఎదురైంది. నా ఫ్రెండ్సే, "ఫోలిక్ యాసిడ్ వేసుకోలేదా?" అని అక్కని అడిగారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ బృందమే 1940ల్లో దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. ఒక కాన్పులో వెన్ను తెరుచుకున్న బిడ్డ పుట్టిన తల్లుల్లో, అది మళ్ళీ జరక్కుండా 72 శాతం ఆపుతుందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ట్రయల్ తేల్చింది. గొప్ప విషయమే. కానీ నాడీనాళం 28 రోజులకల్లా మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలీదు. పైగా చర్మం కప్పేసిన ఈ రకానికి అంత గట్టి రుజువు లేదు. చంద్రుడు పోయి టాబ్లెట్ వచ్చింది, ముద్దాయి మాత్రం మారలేదు.

ఎనిమిదో నెలలో ఆపరేషన్ అయింది. పాప ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది, ఎడమ పాదం కొంచెం లోపలికి పడుతోంది. ఎదిగేటప్పుడు మళ్ళీ అతుక్కోవచ్చు, ఆర్నెల్లకోసారి రమ్మన్నారు. రోజుకి ఎన్ని గుడ్డలు తడిశాయో అక్క పెద్దాడి పాత నోట్‌బుక్‌లో రాసి పెడుతోంది.