పాడ్‌కాస్ట్ మొదలుపెట్టిన మన పిల్లలకు ఒక మాట

సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’ ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి. ఒక్కొక్కటీ చిన్న కథే, మొత్తం 100. వాటికి 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వాటితో మా అమరావతిలోని అమరేశ్వరుడి గుడి, కృష్ణ ఒడ్డు తెలుగువాళ్లందరివీ అయ్యాయి. పాడ్‌కాస్ట్‌కి శ్రోతలు పెరిగే దారి కూడా అదేనని నా నమ్మకం: చిన్నగా, క్రమం తప్పకుండా, ఒక ఊరిని పట్టుకుని చెప్పడం.

అమరావతి బౌద్ధ స్తూపం, మహాచైత్యం గురించి అరగంట మాట్లాడారనుకోండి. అందులో బలమైన ఒక్క నిమిషం తీసి రీల్ చేయండి. చాలామంది సౌండ్ ఆపేసి చూస్తారు, అందుకే మాటలు తెర మీద తెలుగులో పడాలి. ఊరి వాట్సాప్ గ్రూపుకి ఒకలా, చరిత్ర ఇష్టపడే ఫేస్‌బుక్ గ్రూపుకి ఇంకోలా పరిచయం రాసి లింకు పెట్టండి. మన అమరావతి శిల్పాలు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. అక్కడి తెలుగువాళ్లకీ పంపండి. కామెంటు పెట్టిన ప్రతివారికీ జవాబివ్వండి. పోస్టుని ప్రకటనగా బూస్ట్ చేయడానికి డబ్బు పెట్టడం ఆ తర్వాతే.

‘హర్షణీయం’ పాడ్‌కాస్ట్ తెలుగు కథల్ని, రచయితల గొంతుల్ని వినిపిస్తోంది. కిరణ్‌ప్రభ గారి టాక్ షోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. ముందు అవి వినండి. అమరావతి గురించి, మన పల్నాడు గురించి మీరు చేస్తున్నది ఏదైనా ఉంటే లింకు కింద పెట్టండి, నేను విని పది మందికీ పంపుతాను.