కలివికోడి చిరునామా

కడప జిల్లాలో సిద్ధవటం దాటి బద్వేలు దారి పట్టితే, లంకమల కొండల పాదాన ముళ్ళపొదల నేల కనిపిస్తుంది. చూడవచ్చినవారికి గుడీ లేదు, గోపురమూ లేదు. అయినా ప్రపంచంలోని పక్షిప్రియులకు ఇది పుణ్యక్షేత్రం. కలివికోడి ఇల్లు ఇదే!

1848 ప్రాంతంలో జెర్డన్ అనే సైనిక వైద్యుడు ఈ పిట్టను లోకానికి ఎరుకపరిచాడు. 1900 తర్వాత జాడ లేదు. అందరూ తిలోదకాలిచ్చాక, 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక వేటగాడి చేతికి ప్రాణాలతో చిక్కింది.

రాత్రిపూట తిరిగే ఈ బిడియపు పిట్టను వెతికేదెట్లా? బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారూ, ఇంగ్లండు శాస్త్రజ్ఞులూ పిట్టను వదిలి దాని అడుగుల వెంట పడ్డారు. పొదల నడుమ మెత్తని మట్టి పట్టీలుగా పరిచి, పడ్డ జాడలు చూశారు. చుట్టూ పొదలు లెక్కపెట్టారు. 2004లో తేల్చినదేమంటే, హెక్టారుకు 2 మీటర్లు మించిన పొదలు 300 నుంచి 700, చిన్నవి వెయ్యి లోపు ఉన్నచోటే దీనికి నచ్చుతుందట. పెళ్ళివారికైనా ఇన్ని పట్టింపులుండవు! ఆ లెక్కను ఉపగ్రహం తీసిన ఫోటోలతో జోడించి అనుకూలమైన నేలకు పటం కట్టారు. తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పొదల మీదికి వచ్చినప్పుడు పెద్ద అలజడే రేగింది; చివరకు కాలువ దారి మార్చారు.

మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఒకాయన నా పక్కన ఆగాడు.

“మేకల్ని రానీకుంటే ఎట్ల సారూ? మేసేది లేకుంటే పొద మూసుకుపోదా?”

శాస్త్రజ్ఞుల మాటా దాదాపు అదే. కొంత మేత, కొంత కట్టెల నరుకుడు ఉంటేనే పొదల మధ్య జాగా మిగులుతుంది. మితిమీరితే పొదలే మిగలవు.

“ఇంతకీ ఎన్ని కోళ్ళుండాయి సారూ?” అన్నాడాయన.

చిక్కంతా అక్కడే. ఊళ్ళో ‘ఇల్లు అద్దెకివ్వబడును’ బోర్డులు లెక్కపెట్టి జనాభా చెప్పగలమా? ఆస్ట్రేలియా వానడవుల్లో 69 జాతుల జంతువులను, పక్షులను పరిశీలించి 2009లో ప్రకటించినదీ ఇదే: నేల అనుకూలత చెప్పగలిగేది మహా అయితే ఎన్ని ఉండవచ్చునన్న పైహద్దు మాత్రమే. ఉన్నవి అంతకు ఎంతైనా తక్కువ కావచ్చు.

కనుక పటంలో రంగు వేసిన చోట్లకు చీకటిపడ్డాక వెళ్ళి, పిట్ట కూత రికార్డు వినిపించి, బదులు కోసం చెవులు రిక్కించవలసిందే. నేనున్న సాయంకాలం వినిపించినవి తీతువులు.