ఫ్యూజు లేని వైరు



సెమినరీకి వెళ్లకముందు నేను రెండేళ్లు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర పనిచేశానని మీలో చాలామందికి తెలుసు. ఆ పని వచ్చన్న గర్వం నాలో ఇంకా ఉంది, దాచను.

పోయిన వర్షాకాలంలో మన సంఘ సహోదరుడొకరు తన మినీ లారీకి రెండు ఫాగ్ లైట్లు కొనుక్కొచ్చి బిగించమన్నాడు. అర్ధరాత్రి టమాటా క్రేట్లతో మదనపల్లె మార్కెట్‌కు బయలుదేరే మనిషి. నాకేమో సాయంత్రం కూడికకు టైమవుతోంది. రిలే, ఫ్యూజు కావాలంటే టౌనుకెళ్లాలి. బ్యాటరీ నుంచి స్విచ్‌కు, అక్కడి నుంచి లైట్లకు సన్న వైరు లాగి, టేపు చుట్టేశాను. "రిలే తర్వాత పెడదాంలే" అన్నాను. లైట్లు బ్రహ్మాండంగా వెలిగాయి. అందరూ మెచ్చుకున్నారు. ఆ 'తర్వాత' మాత్రం రాలేదు.

పోయిన వారం రాత్రి రెండు గంటలకు ఫోన్. దారిలో సీటు కింద నుంచి పొగ. బండి ఆపి బ్యాటరీ వైరు పీకేశాడట. పక్కన భార్య, చిన్నకొడుకు ఉన్నారు. దేవుని కృప, ఎవరికీ ఏమీ కాలేదు.

పొద్దున్నే వెళ్లి చూశాను. సైలెన్సర్ పక్కగా పోయిన వైరు మూరెడు మేర కరిగి నల్లబడింది. ముట్టుకుంటే పైతొడుగు పెళపెళా రాలిపోయింది.

"నాదే తప్పు అయ్యగారూ. 55 వాట్ల బల్బులు తీసి 100 వాట్లవి ఏయించినాను" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ మాటకు నా గుండె తేలికైంది. లెక్క కూడా నా పక్షానే ఉంది. 12 వోల్టుల మీద 110 వాట్లంటే 9 ఆంపియర్లు. 200 వాట్లంటే దాదాపు 17. ఆ సన్న వైరు ఎక్కడ మోస్తుంది? కానీ బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉండుంటే, కరిగిన వైరు బాడీకి తగిలినప్పుడే అది పోయేది. వైరు మంటదాకా వచ్చేది కాదు. ఫ్యూజు పెట్టనిది నేను. వైరును సైలెన్సర్ పక్కగా లాగిందీ నేనే. అదే ఆయనతో చెప్పాను. ఆయనేమీ అనలేదు. గుమ్మంలో నిలబడ్డ ఆ చెల్లెమ్మ మాత్రం అంది, "మేం ముగ్గురమూ బండిలోనే ఉన్నాం అయ్యగారూ."

నా దగ్గర జవాబు లేదు.

టౌనుకెళ్లి సామాన్లు తెచ్చి, మధ్యాహ్నమంతా కూర్చున్నాను. కాలినంత మేరే కత్తిరిస్తే చాలదు. లోపల రాగి మెరిసేదాకా కోస్తూ పోవాలి. నల్లబడ్డ రాగికి టంకం అంటుకోదు, అతికినా ఆ అతుకే మళ్లీ వేడెక్కుతుంది. చివరికి పాత వైరంతా పీకేసి, రెండున్నర ఎం.ఎం. వైరు, సైలెన్సర్‌కు దూరంగా, గొట్టంలో దూర్చి లాగాను. బ్యాటరీకి జానెడు దూరంలో 15 ఆంపియర్ల ఫ్యూజు. అక్కడి నుంచి రిలే 30కి, 87 నుంచి లైట్లకు. స్విచ్ మీద ఇప్పుడు రిలేను లాగేంత కొద్దిపాటి కరెంటే. బల్బులు మళ్లీ 55వే.

పొద్దుగూకే వేళకు ఆ చెల్లెమ్మ వచ్చింది. "ఆ ఫ్యూజు యాడుందో చూపించండి" అంది. చూపించాను. తీయమంది, లైట్లు ఆరిపోయాయి. పెట్టమంది; వెలిగాయి. ఇంకొకటి అడిగి తీసుకుని, కొంగున ముడేసుకుంది.