డీజిలు కారులో ఆగ్స్‌బర్గ్ ప్రయాణము



పాస్టరు కుటుంబానికి అంత పెద్ద కారు ఎందుకని మమ్మల్ని అడిగినవారు ఉన్నారు. అడిగినందుకు మాకు కోపము లేదు. ఆ కారు కొన్న రోజున మా శ్రీమతి కూడా అదే మాట అడిగినది. ఈ వ్యాసములో ఆ కారును గూర్చి, దానిలో మేము చేసిన ఒక ప్రయాణమును గూర్చి, ఆ దారిలో మా పొరపాటు వలన జరిగిన ఒక సంగతిని గూర్చి దాచకుండా వ్రాస్తున్నాము.

2012 నుండి 2018 వరకు మేము కుటుంబముతో జర్మనీ దేశములో, హెర్మన్స్‌బుర్గ్ అనే చిన్న ఊరిలో పరిచర్య నిమిత్తము ఉన్నాము. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట ప్రాంతముల లూథరన్ కుటుంబములకు ఈ పేరు కొత్త కాదు. 1849లో లూడ్‌విగ్ హార్మ్స్ అనే పాదిరిగారు ఆ పల్లెలో మిషనరీల పాఠశాలను స్థాపించారు. 1853లో ఆ పల్లెవారు కాండేస్ అనే ఓడను సొంతముగా కట్టించి ఆఫ్రికాకు పంపారు. 1865లో ఆగస్టు మీలియస్ దొరగారు మన తెలుగు నేలపై ఆ మిషను పని ప్రారంభించారు. మా ముత్తాతల కాలపు గుడి అలా వచ్చినదే.

ఊరు అందమైనది. ఇసుక నేల, దేవదారు తోపులు, ఆగస్టు నెలలో మైళ్ళకొద్దీ ఊదారంగు పూలు. అయితే ఊరికి ప్రయాణీకుల రైలు లేదు. రైలెక్కవలెనంటే సుమారు 30 కిలోమీటర్ల దూరములోని సెల్లె పట్టణమునకు పోవాలి. ఆదివారము బస్సులు బహు తక్కువ. పిల్లలిద్దరు, చర్చి కుర్చీలు, హార్మోనియము, నెలకొకసారి హాంబుర్గ్‌లో తెలుగు కుటుంబముల కూడిక. ఇవన్నీ చూచి, 2012 చివరిలో ఆరేండ్ల పాత డీజిలు కారొకటి కొన్నాము.

అటువంటి కారును అక్కడ కోంబి అంటారు, ఇంగ్లీషువారు ఎస్టేట్ కారు అంటారు. మన అంబాసిడరు కారు పైకప్పును డిక్కీ మీదుగా చివరివరకు లాగి, వెనుక ఒక పెద్ద తలుపు పెట్టినట్లు ఊహించుకోండి. ముందు ఐదుగురు కూర్చోవచ్చును. వెనుక సీటు మడిచితే మంచము కాళ్ళు విప్పకుండానే పడుతుంది. జర్మనీలో పిల్లలుగల ఇండ్లలో, వడ్రంగుల ఇండ్లలో, కుక్కలుగల ఇండ్లలో ఇదే బండి కనబడుతుంది. మాది మూడు లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు, 230 గుర్రాల శక్తి. మా నాయనగారి పొలములోని డీజిలు మోటారు ఐదు గుర్రాలది. కాగితము మీద ఆ సంఖ్య చూచినప్పుడు మా మనస్సు కొంచెము పొంగినదని ఒప్పుకుంటున్నాము.

ఖర్చు లెక్క కూడా చెప్పాలి. జర్మనీలో డీజిలు మీద లీటరుకు పన్ను 47 సెంట్లు, పెట్రోలు మీద 65 సెంట్లు. కాబట్టి బంకు దగ్గర డీజిలు చవక. కాని సంవత్సరపు బండి పన్ను దగ్గర ప్రభుత్వము ఆ లాభమును వెనుకకు తీసుకుంటుంది. మా కారు వంటి పాత డీజిలు బండ్లకు ప్రతి 100 సి.సి.కి 15 యూరోల 44 సెంట్లు. మూడు లీటర్ల ఇంజనుకు ఏడాదికి 463 యూరోలు! ఎక్కువ దూరము తిరుగువారికే డీజిలు కిట్టుబాటు. మేము ఏడాదికి 30 వేల కిలోమీటర్లు తిరిగేవారము గనుక మాకు కిట్టినది. నెమ్మదిగా నడిపితే 70 లీటర్ల ట్యాంకుతో వెయ్యి కిలోమీటర్లు వచ్చేది.

నెమ్మదిగా నడిపితే! అక్కడే ఉన్నది చిక్కు.

2017 వేసవిలో మా నాయనగారు మా దగ్గరకు వచ్చారు. అమ్మ లేరు. విమానము ఎక్కడము అదే మొదలు. మిషనువారి పాత ఇండ్లు, వారి సమాధులు చూచి చాలాసేపు మౌనముగా నిలబడ్డారు. తరువాత, “ఇంత చలి దేశం నుంచి మన ఎండలోకి ఎట్టా వచ్చార్రా వాళ్ళు” అన్నారు. ఆయనకు ఆగస్బర్గ్ కూడా చూపించాలని మేము అనుకున్నాము. 1530 జూన్ 25న లూథరన్ విశ్వాస ప్రమాణమును చక్రవర్తి ఎదుట చదివిన పట్టణమది. మా ఊరి నుండి 600 కిలోమీటర్ల పైచిలుకు. ఒక్క రోజులో వెళ్ళవచ్చును.

దారి ఎక్కువ భాగము ఏ-7 అనే మహా రహదారి మీదనే. ఉత్తరాన డెన్మార్కు సరిహద్దు నుండి దక్షిణాన ఆల్ప్స్ కొండల అడుగున ఉన్న ఫ్యూసెన్ వరకు 960 కిలోమీటర్లకు పైగా సాగే దారి ఇది. ఆ దేశములో ఇంతకంటే పొడవైన రహదారి లేదు. 130 కిలోమీటర్ల వేగము మించవద్దని 1978 నుండి సలహా మాత్రము ఉన్నది. బోర్డు పెట్టి పరిమితి విధించని చోట ఎంత వేగమైనా తప్పు కాదు.

తెల్లవారకముందే బయలుదేరాము. ప్రార్థన చేసుకున్నాము. సామాను సర్దినది మేమే. అడుగున పది కిలోల బియ్యపు సంచి, దానిమీద పెట్టెలు, అన్నిటికంటే పైన ఇడ్లీ పాత్రయు, ఆవకాయ డబ్బాయు. కోంబి కారులో డిక్కీకి మనుషులకు మధ్య గోడ ఉండదు. అందుకొరకు వెనుక సీటు వీపు నుండి పైకప్పు వరకు లాగి తగిలించే బలమైన వల ఒకటి ఇస్తారు. సీటు ఎత్తుకంటే పైకి సామాను పేర్చినప్పుడు ఆ వల తప్పక కట్టాలి. ఆ రోజు మేము కట్టలేదు. కొక్కెము ఒకటి బిగుతుగా ఉన్నది. ఆలస్యమవుతుందని వదిలివేశాము.

హానోవర్ దాటిన తరువాత దారి ఖాళీ అయినది. నాయనగారు ముందు సీటులో కూర్చున్నారు. కారు శక్తి ఆయనకు చూపించాలని మాకు బుద్ధి పుట్టినది. 150, 170, 190. ఇంజను శబ్దము కూడా పెద్దగా పెరుగలేదు. అదే ఆ బండ్లలోని మోసము. వేగము వేగములాగా అనిపించదు. మా శ్రీమతి వెనుక నుండి, “ఏమండీ, ఎవరు తరుముతున్నారు మనల్ని? పిల్లలున్నారు” అన్నది. “దారి ఖాళీగా ఉన్నది గదా” అన్నాము.

అంతలో ముందు వెళ్తున్న లారీ వెనుక నుండి ఒక చిన్న కారు మా వరుసలోనికి వచ్చినది. ఆ డ్రైవరు తప్పేమీ చేయలేదు. అద్దములో చూచినప్పుడు మేము దూరముగా కనబడి ఉంటాము. 190లో వచ్చే బండి ఎంత త్వరగా మీద పడుతుందో అతడెలా ఊహించగలడు? మా బలమంతా బ్రేకు మీద వేశాము. కారు నిలదొక్కుకున్నది, గుద్దుకోలేదు. కాని వెనుక నుండి ఒక్కసారిగా ఇనుము శబ్దము, మా అమ్మాయి కేక.

ఇడ్లీ పాత్ర సీటు మీదుగా ఎగిరి వచ్చి పాప తలకు, చెవి వెనుక తగిలినది. అప్పుడు దానికి పదకొండేండ్లు. మా శ్రీమతి చీర కొంగు రక్తముతో తడిసిపోయినది. అబ్బాయి ఏడవడము కూడా మరచి బిగుసుకుపోయాడు. మేము పక్కకు తీసి ఆపినప్పుడు మా చేతులు స్టీరింగును వదలలేదు. నాయనగారు దిగి, తన తువ్వాలు మడిచి గాయము మీద అదిమిపట్టి, “కళ్ళు మూయబాక తల్లీ, తాత మొగం చూడు” అంటూ ఉండిపోయారు.

దగ్గరి పట్టణములోని ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేశారు. ఎముకకు దెబ్బ లేదు. తలకు తగిలినది గనుక రాత్రంతా కనిపెట్టి చూస్తామన్నారు. ఆ రాత్రి వసారాలో కూర్చుని మేము లెక్క వేసుకున్నాము. వేగము 120 నుండి 190కి పెరిగితే ఒకటిన్నర రెట్లు పెరిగినట్లు కనబడుతుంది. కాని దెబ్బలోని శక్తి వేగమును వేగముతో గుణించినట్లు పెరుగుతుంది, అనగా రెండున్నర రెట్లు. ఈ సంగతి మేము హైస్కూలులో చదువుకున్నదే. పాత్ర మరి నాలుగు వేళ్ళు పక్కకు వచ్చి ఉంటే, అని తలచుకున్నప్పుడు ఇక లెక్క సాగలేదు.

నాయనగారు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండునని అనిపించినది. తెల్లవారుజామున మాత్రము, “ఆ కొక్కెం నాకు చూపించు. నూనె పెడతా” అన్నారు.

మరునాడు మధ్యాహ్నము పాపను పంపించారు. “తాతయ్యకు ఆగ్స్‌బర్గ్ చూపించాలి గదా” అని పట్టుబట్టినది పాపే. వైద్యులు సరేనన్నారు. నాయనగారు నూనె పెట్టిన వల కట్టి, 110, 120 మించకుండా సాగాము. కాసెల్ కొండల ఎత్తుపల్లములు, వ్యూర్ట్స్‌బుర్గ్ ద్రాక్ష తోటలు, ఉల్మ్ దగ్గర తిరిగి ఏ-8 మీదికి. ముందు రోజు వందకు తొమ్మిదిన్నర లీటర్లు తాగిన కారు ఆ రోజు ఏడు లీటర్లకు లోపే తాగినది. సమయము చూస్తే, ఆ వేగముతో అనుకున్న దానికంటే ఎక్కువైనది ముప్పావు గంట. ముప్పావు గంట కొరకు మేము పందెము కాసినది ఏమిటో మాకు తెలిసినది.

ఆగ్స్‌బర్గ్‌లో 1518లో లూథరు దిగిన సెయింట్ ఆన్నా మఠపు గుడి చూచాము. విశ్వాస ప్రమాణము చదివిన గది ఇప్పుడు లేదు, ఆ స్థలములో వేరే కట్టడమున్నది. నాయనగారు అంతా శ్రద్ధగా చూచారు. అయితే ఆయన ఎక్కువసేపు కూర్చున్నది గుడిలో కాదు, విటెల్స్‌బాఖ్ అనే తోటలోని కొన్ని పెద్ద రాళ్ళ దగ్గర.

డీజిలు అనేది ఒక మనిషి పేరని మనలో అనేకులకు తెలియదు. రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో జర్మను తలిదండ్రులకు పుట్టాడు. నిప్పురవ్వ లేకుండా, గాలిని బాగా అదిమి ఆ వేడికే నూనె మండేటట్లు ఇంజను చేయవచ్చునని తలచి, ఆగ్స్‌బర్గ్ కర్మాగారములో ఏండ్ల తరబడి పాటుపడి 1897లో సాధించాడు. అది సుమారు 20 గుర్రాల ఇంజను. ఆ కాలపు ఆవిరి యంత్రములు బొగ్గు వేడిలో పదో వంతు పనిగా మార్చడమే గొప్ప. ఇది నాలుగో వంతుకు పైగా మార్చినది. 1900లో పారిస్ ప్రదర్శనలో అటువంటి ఇంజనొకటి వేరుశెనగ నూనెతో నడిచినదంటే మన రైతులు నమ్ముతారా? చిన్న చేతిపనివారు పెద్ద మిల్లుల ముందు నిలబడాలన్నది ఆయన ఆశ. అయితే చివరకు అప్పులలో మునిగి, 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండుకు పోవు ఓడలో నుండి కనబడకుండా పోయాడు.

ఆ తోటలోని రాళ్ళు జపాను నుండి వచ్చినవి. యమఓకా మాగోకిచి అనే పారిశ్రామికుడు డీజిలు ఇంజనును రైతుకు సరిపడునంత చిన్నదిగా 1933లో తయారుచేయించాడు. కృతజ్ఞతతో 1957లో ఆ రాళ్ళను ఆగ్స్‌బర్గ్‌కు బహుమానముగా ఇచ్చాడు. ఇది చెప్పగా విని నాయనగారు రాతిని చేతితో తడిమారు. “మన చేలో నీళ్ళు పారించినాయన గదా. మీ చదువులు ఆ మోటారే చదివించింది” అన్నారు. కాసేపటికి మళ్ళీ, “పొగ మాత్రం మీ అమ్మ పీల్చింది. వంటిల్లు పక్కనే గదా మోటారు కొట్టం. అప్పట్లో మనకు తెలియలా” అన్నారు.

ఆ మాట మాలో ఉండిపోయినది. 2015 సెప్టెంబరులోనే ఫోక్స్‌వాగన్ కంపెనీ పరీక్షలో ఒక తీరు, రోడ్డు మీద ఒక తీరు పొగ వదిలే ఏర్పాటు చేసినదని అమెరికా ప్రభుత్వము బయటపెట్టినది. ప్రపంచమంతటా సుమారు కోటి పది లక్షల కార్లు! మా కారు ఆ కంపెనీది కాదని మేము తృప్తిపడ్డాము. అద్దము మీద ఆకుపచ్చ చీటి ఉన్నది, మసిని పట్టే జల్లెడ ఉన్నది. కాని కంటికి కనబడని నత్రజని విషవాయువును ఆ జల్లెడ పట్టదు. 2018 మే నెలాఖరున హాంబుర్గ్ పట్టణము ఆల్టోనాలోని ఒక వీధిలో పాత డీజిలు బండ్లను నిషేధించినది. సుమారు 600 మీటర్ల ముక్క మాత్రమే, తరువాత 2023లో ఆ నిషేధమును ఎత్తివేశారు కూడా. అయినను ఆ వీధి మేము కూడికకు పోవు దారి. ఆ ఇండ్ల కిటికీలలో పిల్లలను మేము చూచియున్నాము. మా పిల్లలు కారు లోపల, ఆ పిల్లలు పొగగొట్టము వైపు.

ఆ సంవత్సరము చివర మేము స్వదేశమునకు తిరిగి వచ్చాము. కారును మూడు వేల యూరోలకు అమ్మాము. ఆ కారు మమ్మల్ని మోసినది, మా సంఘమును మోసినది, దానిని నిందించము. ఇంకా నెమ్మదిగా, ఇంకా తక్కువగా నడిపి ఉండవలసినదని మాత్రము చెప్పగలము.

ఇప్పుడు మేము ఉన్నది గూడూరుకు దగ్గర పల్లె. పెండ్లికి, కూటములకు ట్రాక్టరు ట్రక్కుల మీద, ఆటోల చివర వ్రేలాడుతూ పోవు మన కుటుంబములను చూచినప్పుడెల్లా ఈ సంగతి చెప్పాలని అనిపించేది. పైన పేర్చిన సామాను కట్టండి. డ్రైవరు మీ తమ్ముడైనా సరే, వేగము తగ్గించమని గట్టిగా చెప్పండి. ఇంటిలో స్త్రీలు ఆ మాట అన్నప్పుడు మాలాగా దారి ఖాళీగా ఉన్నదని జవాబు చెప్పకండి.

నాయనగారు 2021లో ప్రభువునందు నిద్రించారు. మా అమ్మాయి ఇప్పుడు డ్రైవింగు నేర్చుకుంటున్నది. చెవి వెనుక మచ్చ జుట్టులో కనబడదు. బండి తీసే ముందు అది వెనుకకు వెళ్ళి, తాతయ్య పాత తువ్వాలు చింపి పేనిన త్రాడుతో సంచులు కట్టి, ముడి ఒకసారి లాగి చూచి, అప్పుడు వచ్చి కూర్చుంటుంది. మేము మారుమాట లేకుండా పక్క సీటులో కూర్చుంటాము.