ధాన్యకటకంలో ఒక ముగ్గు

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున అమ్మను అమరావతి తీసుకువెళ్ళాను. తీసుకువెళ్ళానని చెప్పుకోవడం నా గొప్ప. నిజానికి ఆవిడే బస్సెక్కి, కిటికీ పక్క చోటు చూసుకుని కూర్చుని, "ఇలా రావే, ఇక్కడ ఎండ తగలదు" అని నన్ను పిలిచి కూర్చోబెట్టుకున్నది.

గుంటూరు నుంచి అమరావతికి 30 పైచిలుకు కిలోమీటర్లు. దోవ పొడుగునా పత్తిచేలు, మిరపచేలు. ఈ అమరావతికీ రాజధాని అమరావతికీ చాలా దూరమున్నది. ఆ సంగతి తెలియక ఇక్కడ బస్సు దిగి, సచివాలయం ఎక్కడ అని అడిగేవారు ఇప్పటికీ వస్తుంటారట. మేము వెళ్ళినది పాత ఊరికి: కృష్ణ ఒడ్డున అమరేశ్వరస్వామి గుడి, ఆ పక్కన స్తూపం మిగిలిన దిబ్బ, దానిని ఆనుకుని ఒకనాటి ధాన్యకటకమైన ధరణికోట. ఇప్పుడిది పల్నాడు జిల్లాలో చేరింది.

అమ్మను ఎందుకు తీసుకువెళ్ళానో కూడా చెప్పాలి కదా!

మా నాన్నగారు పోయి రెండేళ్ళయింది. మొదటి ఏడాది గుమ్మంలో ముగ్గు పడలేదు. అది ఆచారం, ఎవరూ తప్పు పట్టలేదు. సంవత్సరీకాలు అయిన తరువాత కూడా అమ్మ ముగ్గుబుట్ట ముట్టలేదు. పెళ్ళయి కాపురానికి వచ్చిన నాటి నుంచి కోడి కూయకముందే లేచి, వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసిన తరువాతగాని కాఫీ తాగని మనిషి. ఇప్పుడూ ఆ వేళకే మెలకువ వస్తుంది. లేచి, అరుగు మీద కూర్చుని, తెల్లవారేదాకా ఖాళీ వాకిలి వంక చూస్తూ వుంటుంది. పనిమనిషి వచ్చి నీళ్ళు చల్లిపోతుంది, అంతే.

కనుమ మర్నాడు మా వీధిలో రథం ముగ్గులు వేస్తారు. ఒక ఇంటి రథానికి తాడు గీసి పక్క ఇంటి రథానికి కలుపుతారు, దాన్ని మళ్ళీ ఆపై ఇంటికి. అలా వీధి వీధంతా ఒకే తాడున సాగుతుంది. ఈ ఏడు ఆ తాడు మా పక్కింటి దాకా వచ్చి ఆగిపోయింది. మా గుమ్మం దాటిన తరువాత మళ్ళీ కొత్తగా మొదలయింది. అమ్మ అది చూసి ఏమీ అనలేదు. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది.

"నేను వేస్తానమ్మా" అన్నాను.

"నీకేం వచ్చే? మీ హైదరాబాదులో గుమ్మానికి అంటించే కాగితం ముగ్గేగా నీది!" అన్నది.

ఆ మాట నిజమే కాబట్టి నేను నోరు మూసుకున్నాను.

*

అమరావతిలో అమ్మ చూడాలన్నది గుడి కాదు, స్తూపం. గుడిలో శివలింగం నిలువెత్తుకు మించి పొడుగు. అర్చకులు పై అంతస్తుకు ఎక్కి అభిషేకం చేస్తారు. అక్కడ దణ్ణం పెట్టుకుని, ప్రసాదం కొంగున ముడివేసుకుని, "పద, ఆ దిబ్బ చూద్దాం" అన్నది.

ఆ దిబ్బను పూర్వం దీపాలదిన్నె అనేవారు. 1797లో కర్నల్ మెకంజీ దీనిని చూశాడు. ఆయన 1816లో మళ్ళీ వచ్చేసరికి రాళ్ళు చాలా మటుకు పోయాయి. కొత్త ఊరు కట్టుకునేవారికి చెక్కిన సున్నపురాయి చేతికందేటంత దగ్గరలో దొరికితే ఎవరు వదులుతారు? మిగిలిన శిల్పాలలో కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియానికీ, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియానికీ చేరాయి. మన ఊరి శిల్పం చూడాలంటే మనం పడవ ఎక్కాలి! అయినా ఇక్కడి మ్యూజియంలో ఉన్నవి తక్కువేమీ కావు. ప్రాకారపు రాళ్ళ మీద గుండ్రంగా విచ్చిన పద్మాలున్నాయి. మధ్య దుద్దు, దాని చుట్టూ ఒక వరుస రేకులు, ఆ పైన ఇంకొక వరుస. అమ్మ కళ్ళజోడు సవరించుకుని ఒక పద్మం ముందు చాలాసేపు నిలబడి, "ఇది చుక్కలు పెట్టి వేసింది కాదు. మధ్య నుంచి తిప్పుకుంటూ వచ్చాడు" అని తీర్పు చెప్పింది.

స్తూపంలో ఇప్పుడు మిగిలినది గుండ్రని అడుగు మాత్రమే. చుట్టూ తిరిగితే దాని పోకడ తెలుస్తుంది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన వేదికలు. ఒక్కొక్క వేదిక మీద ఐదేసి ఆయక స్తంభాలు ఉండేవి. వృత్తం, దానికి నాలుగు దిక్కులు, నడుమ ఒక బిందువు. బౌద్ధులు మండలమనేదానికి ఇదే పునాది. మన ఆడవాళ్ళు వాకిట్లో వేసేది కూడా ఇంచుమించు ఇదే.

*

ఈ ఊరికీ మండలానికీ ఉన్న చుట్టరికం ఇంతటితో పోలేదు. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు మొదట ఉపదేశించినది ధాన్యకటకంలోనేనని టిబెట్ వారి నమ్మకం. ధాన్యకటకం పేరును వాళ్ళు తమ భాషలో "ద్రెపుంగ్" అనుకున్నారు, అంటే వడ్లరాశి. లాసా దగ్గర 1416లో కట్టిన మహావిహారానికి ఆ పేరే పెట్టుకున్నారు. మన కృష్ణ ఒడ్డు వడ్లరాశి హిమాలయాలు దాటి, అంత దూరాన విహారమై వెలసిందన్న మాట!

2006 జనవరిలో దలైలామా ఈ ఊళ్ళోనే తమ 30వ కాలచక్ర దీక్షను జరిపించారు. ఎక్కడెక్కడి నుంచో టిబెటన్లు, లడఖీలు, తెల్లవారు గుంపులు గుంపులుగా దిగారు. అమ్మా నాన్నగారూ గుంటూరు నుంచి వచ్చి, వరుసలో నిలబడి, ఇసుకతో వేసిన కాలచక్ర మండలాన్ని చూసి వెళ్ళారు. నిలబడినది గంటలు, చూసినది క్షణాలు. అమ్మకు మాత్రం అది ఇరవై ఏళ్ళ తరువాత కూడా కళ్ళకు కట్టినట్టే ఉన్నది.

ఆ మండలం వేసే తీరు చెబుతాను. ముందు సుద్ద పూసిన దారం బిగించి లాగి, వదిలి, పీట మీద గీతలు కొడతారు, మన వడ్రంగులు దూలానికి కొట్టినట్టే. తరువాత రాయి నూరి రంగులద్దిన ఇసుకను సన్నని లోహపు గొట్టంలో పోసుకుంటారు. ఆ గొట్టానికి పైన రంపపు పళ్ళలాంటి గాట్లుంటాయి. వాటి మీద ఇంకొక కడ్డీతో రాస్తే గరగరమని చప్పుడై, ఇసుక సన్నగా ధార కడుతుంది. మెల్లిగా రాస్తే నాలుగు రేణువులు, గట్టిగా రాస్తే ధార. నడిమి నుంచి మొదలుపెట్టి, నలువైపులా కూర్చున్న భిక్షువులు బయటికి వేసుకుంటూ వస్తారు. తూర్పు నలుపు, దక్షిణం ఎరుపు, పడమర పసుపు, ఉత్తరం తెలుపు. పైనుంచి చూస్తే చక్రం; తెలిసినవారికి అది అంతస్తుల మేడ. అందులో 722 మంది దేవతలున్నారని లెక్క. ఇన్ని రోజుల పనీ పూర్తయి, పూజ ముగిసిన తరువాత, వేసినవాళ్ళే దానిని చెరిపి, ఆ ఇసుకను పారే నీటిలో కలుపుతారు.

ఇది విన్నప్పుడు ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. అమ్మ మాత్రం స్తూపం పక్క చెట్టు నీడన కూర్చుని నవ్వింది.

"వాళ్ళకేమే, వాళ్ళు పూజ చేసి చెరుపుకుంటారు. మనది పాలవాడి సైకిలు చెరుపుతుంది, దూడ చెరుపుతుంది, బడికి పోయే పిల్లలు చెరుపుతారు. చెరిగిందని ఏనాడైనా ఏడ్చానా? రేపు మళ్ళీ వేస్తాంగా!"

"మరి ఇప్పుడెందుకు వెయ్యవు?" అని అడిగేశాను. రెండేళ్ళుగా అడగాలనుకుంటున్న మాట అది.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "చూసేవాళ్ళు లేరే" అన్నది.

*

అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది. నాన్నగారు తెల్లవారుజామున షికారుకు పోయి వచ్చి, చెప్పులు విడవకముందే ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగేవారు. 15 చుక్కలు, సందుచుక్క, 8 వరకు పెడితే మొత్తం 169 చుక్కలవుతాయని లెక్క కట్టి మాకు చెప్పినది ఆయనే. అంతటితో ఆగక, "ఇవాళ మీ అమ్మకు కోపం వచ్చింది. ఈ మెలిక చూడు, ఎలా విసిరిందో!" అనేవారు. అది ఎప్పుడూ నిజమయ్యేది. ఆ ముగ్గు అమ్మ ఆయనకు రోజూ రాసే ఉత్తరమని మాకు ఆనాడు తెలియలేదు.

స్విట్జర్లండులో యూంగ్ అనే మనోవైద్యుడుండేవాడు. మొదటి ప్రపంచయుద్ధం చివరి రోజులలో, 1918–19 ప్రాంతంలో, ఆయన ఒక సైనిక శిబిరంలో పని చేస్తూ రోజూ పొద్దున్నే నోటుపుస్తకంలో ఒక చిన్న వృత్తచిత్రం వేసుకునేవాడు. ఆనాటి తన మనఃస్థితి ఆ చిత్రంలో కనబడుతున్నదని గ్రహించి, దానికి మండలమనే మన పేరే పెట్టాడు. ఈనాడు మనసు కుదుటపడడానికి దేశదేశాలలో జనం మండలాలు గీస్తున్నారు. ఆయన పుస్తకం చూసి కనిపెట్టిన సంగతి మా నాన్నగారు వాకిలి చూసి కనిపెట్టారని నేను గర్వపడితే తప్పా?

మనసు కుదుటపడడంలో మాయమంత్రమేమీ లేదనుకుంటాను. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండి పట్టి వదిలేటప్పుడు చెయ్యి తొందరపడితే గీత లావవుతుంది, ఆగితే తెగుతుంది. చుక్క తప్పితే ముగ్గు మూసుకోదు. అంత పని చేతిలో ఉన్నంతసేపూ తలలో ఇంకొక ఆలోచనకు చోటుండదు. ఆ పావుగంటే మనకు దక్కే లాభం.

ఇవన్నీ అమ్మకు చెప్పలేదు. చెబితే, "సరేలే, నాకు పాఠం చెబుతున్నావా?" అనేది. ఘాట్ మెట్ల మీద కాసేపు కూర్చుని, కృష్ణలో కాళ్ళు తడుపుకుని, సాయంత్రం బస్సుకు ఇల్లు చేరాము.

*

మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి ఇంకా చీకటిగానే ఉన్నది. వాకిట్లో చీపురు చప్పుడు వినబడుతున్నది. లేచి తలుపు సందు నుంచి చూశాను. అమ్మ ముగ్గుబుట్ట పక్కన పెట్టుకుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుని వంగి, చుక్కలు పెడుతున్నది. 169 కాదు. ఏడు చుక్కలు, సందుచుక్క, నాలుగు వరకు. చిన్న మెలిక ముగ్గు. చెయ్యి సన్నగా వణుకుతున్నది. రెండు చోట్ల గీత చుక్కను రాసుకుంటూ పోయింది. సాయం చేద్దామని ఒక అడుగు వేసి, మళ్ళీ ఆగాను.

ముగ్గు మూసుకున్నది. అమ్మ నడుం నిలబెట్టి చేతులు దులుపుకున్నది. అప్పుడు నేను బయటికి వచ్చి, మాట్లాడకుండా, ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ నా వంకే చూస్తున్నది.

"ఈ మూడో మెలిక దగ్గర నీకు కోపం వచ్చింది" అన్నాను.

"కోపం లేదు, పాడూ లేదు. అక్కడ మోకాలు పట్టేసింది" అన్నది అమ్మ. ఒక క్షణమాగి, "ఆయనైతే కనిపెట్టేవారు" అని, "పద, కాఫీ కలుపుతాను" అంటూ లోపలికి వెళ్ళింది.

నేను హైదరాబాదు వచ్చిన తరువాత గుమ్మానికి అంటించిన కాగితం ముగ్గు పీకేశాను. ఇప్పుడు రోజూ ఏడు చుక్కలతో సాధన చేస్తున్నాను. ఇంకా గీత తెగుతూనే ఉన్నది. మావారు ఆఫీసుకు పోతూ దాని మీదుగా నడిచిపోతున్నారు. ఆయన చేత చుట్టూ తిరిగించడం ఎలాగో అమ్మను అడగాలి.