జనరేటర్ మోతకీ శ్రుతి ఉంది

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల తిరునాళ్ల. వీరుల ఆయుధాలైన కొణతాల ముందు వీర విద్యావంతులు పల్నాటి కథ ఎత్తుకుంటారు. పంబ మోగుతుంది. పక్కన తిత్తి మాత్రం ఒకే స్వరం పట్టుకుని ఆగకుండా పలుకుతూ ఉంటుంది. కథలో బ్రహ్మనాయుడు మాట్లాడినా, నాగమ్మ మాట్లాడినా, బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరినా ఆ స్వరం కదలదు. ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాళ్లు ఇలాంటి ఆగని స్వరాన్ని డ్రోన్ అంటారు. దాని మీదే ఆల్బమ్‌లకు ఆల్బమ్‌లు చేసినవాళ్లున్నారు. ఈపూరులో పుట్టి, ఇప్పుడు లండన్ శివారులో ఉంటున్న ఈ కాలమిస్టు ఆ సంగీతం మొదటిసారి విన్నప్పుడు కొత్త పడలేదు. పల్నాటి పిల్లలకు ఆ చెవి ఊళ్లోనే ఏర్పడుతుంది.

కొత్త పడింది వేరే విషయానికి. ఒకే మనిషి ఒక గదిలో కూర్చుని, తాళం, స్వరం, మిక్సింగ్ అన్నీ తానే చూసుకుని, సినిమా లేకుండా, నిర్మాత లేకుండా తన పేరు మీదే పాట విడుదల చేసుకుని బతకగలగడం. పాట అంటే సినిమా పాట అనుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది వృత్తిలా కనపడదు. "ఏ సినిమాకి చేస్తున్నావు నాయనా?" అని ఊళ్లో పెద్దవాళ్లు అడుగుతారు. ఏ సినిమాకీ కాదని చెబితే, ఉద్యోగం అయినా ఉందా అని రెండో ప్రశ్న. అడగడంలో తప్పేమీ లేదు. ఆ రెండు ప్రశ్నలూ నిజమైన ప్రశ్నలే.

ఒంటరిగా యంత్రాలతో సంగీతం చేసినవాళ్లలో మన దేశం నుంచి ముందుగా చెప్పుకోవలసిన మనిషి చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటారు, కీబోర్డు వాయించినవాడు. 1982లో "సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్" అనే రికార్డు చేశాడు. హెచ్‌ఎంవీ విడుదల చేసింది. ఆయన దగ్గరున్నవి మూడు రోలాండ్ యంత్రాలు. తాళానికి టీఆర్-808, కింద బేస్‌కి టీబీ-303, పైన రాగానికి జూపిటర్-8. వాటితో భైరవి, తోడి, యమన్, మనం మోహన అనుకునే భూపాలి, హిందోళం అనుకునే మాల్కౌంస్, ఇలా పది రాగాలు.

అందులో 303 కథ వేరుగా చెప్పాలి. బేస్ వాయించే మనిషి దొరకని గిటారిస్టు ఇంట్లో సాధన చేసుకోవడానికని రోలాండ్ దాన్ని తయారుచేసింది. ఆ పనికి అది నప్పలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. 1987లో షికాగోలో ఫ్యూచర్ అనే బృందం అదే పెట్టెకున్న మీటలు తిప్పి చేసిన "యాసిడ్ ట్రాక్స్" విడుదల చేసింది. యాసిడ్ హౌస్ అనే సంగీతం అక్కణ్ణించి ప్రపంచమంతా పాకింది. అంతకు ఐదేళ్ల ముందే బొంబాయిలో ఒక పెద్దమనిషి అదే యంత్రంతో, అదే పోకడలో రాగాలు పలికించాడన్న సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు. 303లో ఒక స్వరం నుంచి పక్క స్వరానికి జారే ఏర్పాటు ఉంది. విడివిడి మెట్లుగా తెగిపోయే కీబోర్డు మధ్య గమకానికి కొంచెం దగ్గరగా వచ్చేది ఆ జారుడే. రాగం తెలిసిన చెయ్యి దాన్ని వెంటనే గుర్తుపడుతుంది.

రికార్డు అప్పట్లో అమ్ముడుపోలేదు. 2002లో ఢిల్లీలో ఎడో బౌమన్ అనే డచ్ సేకర్త చేతికి దొరికింది. 2010లో ఆయనే మళ్లీ అచ్చువేశాడు. డెబ్బై దాటాక చరణ్‌జిత్ సింగ్ అవే యంత్రాలతో యూరప్ వేదికలెక్కాడు. 2015లో కన్నుమూశాడు.

ఇప్పుడు ఆ మూడు యంత్రాల పని, ఇంకా నూరింతల పని ఒక లాప్‌టాప్ చేస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. వేల శబ్దాలు చేతిలో ఉంటే ఏది వద్దో తేల్చుకోవడమే రోజంతా పడుతుంది. లండన్‌లో ఈ పనికి పేరుపడ్డ కియరన్ హెబ్డెన్, వేదిక మీద ఫోర్ టెట్, 2017లో "న్యూ ఎనర్జీ" ఆల్బమ్ చేసిన చోటు ఫోటో పెట్టాడు. ఒక లాప్‌టాప్, చిన్న కీబోర్డు, స్పీకర్లు. అంతే. చూసినవాళ్లు నమ్మలేదు. ఇదే మనిషి 2023 ఫిబ్రవరిలో స్క్రిలెక్స్, ఫ్రెడ్ అగెయిన్‌లతో కలిసి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నింపాడు.

హెబ్డెన్ తల్లి దక్షిణాఫ్రికాలో పుట్టిన భారతీయ మూలాల మనిషి. తాతగారి రికార్డులు ఆయనకు సంక్రమించాయి. 2015లో వచ్చిన "మార్నింగ్/ఈవెనింగ్"లో ఇరవై నిమిషాల పాట ఒకదాంట్లో లతా మంగేష్కర్ గొంతు తేలుతూ వస్తుంది. 1983 నాటి "సౌతన్" సినిమా పాటలోది. వలస వెళ్లిన ఇళ్లలో పాత రికార్డులకు ఇంకో జన్మ ఉంటుందని ఆ ఇరవై నిమిషాలు వింటే తెలుస్తుంది.

లత గొంతు అందరిదీ. ఈపూరు మనిషికి ఈపూరు చుట్టుపక్కల శబ్దం కావాలి.

మహాశివరాత్రికి కోటప్పకొండ కింద ప్రభలు బారులు తీరి నిలబడతాయి. మేడల ఎత్తున నిలువునా లేచిన చట్రాల మీద వేల బల్బులు. వెనకాల డీజిల్ జనరేటర్. మైకులో పాట, జనం కేక, వీటన్నిటి కింద ఆ జనరేటర్ మోత రాత్రంతా ఉంటుంది. ఒక ఏడాది ఈ కాలమిస్టు ఫోన్ రికార్డర్ ఆ జనరేటర్ పక్కనే పెట్టాడు. లండన్ వచ్చాక హెడ్‌ఫోన్లలో వింటే ఒకటి తేలింది. ప్రభ మీద లైట్లన్నీ ఒక్కసారి వెలిగినప్పుడు ఇంజన్ మీద భారం పడి మోత ఒక వీసం దిగుతుంది, మళ్లీ సర్దుకుని పైకి వస్తుంది. డిజైను మారేకొద్దీ, బల్బుల వరసలు ఆరి వెలిగేకొద్దీ ఆ స్వరం ఊగుతూ ఉంటుంది. ఎవరూ వాయించని గమకం.

మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. ఆ జాతి మోతలన్నీ 50, 100 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. కీబోర్డు మీద బాగా కింద ఉండే జి స్వరం 49. అంటే జనరేటర్ దాదాపు శ్రుతిలోనే ఉంది. బ్రిటన్‌లోనూ కరెంటు 50 ఆవృత్తులే కాబట్టి వంటింట్లో ఫ్రిజ్ గుయ్‌మనే మోత కోటప్పకొండ జనరేటర్‌తో కలుస్తుంది. అమెరికాలో 60. 50ని షడ్జమం అనుకుంటే 60 సరిగ్గా సాధారణ గాంధారం మీద పడుతుంది. 6కి 5, ఆ నిష్పత్తే ఆ స్వరం. డల్లాస్‌లో ఉన్న నరసరావుపేట మిత్రుడొకరు తన ఇంటి ఫ్రిజ్ మోత రికార్డు చేసి పంపితే, రెండూ పక్కపక్కన పెట్టగానే శ్రుతి కుదిరింది. ఊళ్లో కరెంటు సా, డల్లాస్ కరెంటు గా. ఈ కాలమిస్టు ఇప్పుడు చేస్తున్న ట్రాక్ మొత్తం ఆ రెండు స్వరాల మీద నిలబడింది. ఇంకే సింథ్ వేసినా ఎక్కువై కనపడింది, తీసెయ్యవలసి వచ్చింది.

అదే ట్రాక్‌లో వేసిన డప్పు దగ్గర పని మరో రకం. సాఫ్ట్‌వేర్‌కి గడులు కావాలి, ప్రతి దెబ్బా గడి గీత మీద పడాలి. తిరునాళ్లలో డప్పు వేసేవాళ్ల వేగం నిమిషానికి 104 దగ్గర మొదలై, జనం ఊపు చూసి 118 దాకా ఎక్కింది. సాఫ్ట్‌వేర్‌ని దాని మానాన వదిలేస్తే ఆ తేడాలన్నీ సరిచేసి, మొదటి నిమిషాన్నీ చివరి నిమిషాన్నీ ఒకే వేగంలో కూర్చోబెడుతుంది. వింటే ఎవరో దూరంగా కూర్చుని లెక్కపెడుతున్నట్టు ఉంటుంది. ఉపాయం తలకిందులుగా ఉంది: డప్పుని గడుల్లోకి లాగడం మానేసి, గడులే డప్పు వెంట నడిచేలా ప్రతి నాలుగు దెబ్బలకీ ఒక గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ఓపిక పరీక్షించే పని. ఉద్యోగం ముగిశాక రాత్రిళ్లు చేసుకోవలసిందే. కానీ అది పూర్తయ్యాక జనరేటర్ మోత కూడా డప్పు వెంట కొద్దికొద్దిగా ఎక్కడం మొదలుపెట్టింది. ట్రాక్‌కి ప్రాణం వచ్చింది అక్కడే.

ఒంటరిగా చేసేవాడికి పక్కన "బాగుంది, ఇక చాలు" అనే మనిషి ఉండడు. హెబ్డెన్ తన ట్రాక్‌లు కొన్నిటిని లండన్ ప్లాస్టిక్ పీపుల్ క్లబ్‌లో వేసి, నాట్యం చేసేవాళ్ల కాళ్లు చూసి తేల్చుకునేవాడు. 2010లో వచ్చిన "దేర్ ఈజ్ లవ్ ఇన్ యు" అలా రూపుకట్టిన ఆల్బమ్. క్లబ్ అందుబాటులో లేనివాళ్లకు కారు ప్రయాణం, బస్సులో హెడ్‌ఫోన్లు, ఊళ్లో వదినకు వాట్సాప్‌లో పంపే ముప్ఫై సెకన్లు. ఏది దొరికితే అది.

ఇక డబ్బు. ఇక్కడ ప్రతి తెలుగు సంగీతకారుడూ చదవాల్సిన వ్యవహారం కూడా హెబ్డెన్‌దే. 2001లో ఆయన డొమినో అనే కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. స్ట్రీమింగ్ అన్నది లేని రోజులు. తర్వాత కాలం మారింది, పాటలు అమ్ముడుపోవడం మానేసి స్ట్రీమ్ అవడం మొదలైంది. దాని మీద కంపెనీ ఇచ్చింది 18 శాతం, అమ్మకం లెక్కన. అది అమ్మకం కాదు, లైసెన్సు, సగం రావాలని ఆయన 2020లో కోర్టుకెక్కాడు. వ్యాజ్యం నడుస్తుండగా 2021లో ఆయన పాత ఆల్బమ్‌లు మూడు స్ట్రీమింగ్ నుంచి మాయమయ్యాయి. 2022 జూన్‌లో రాజీ కుదిరింది. 50 శాతం, పాత బకాయి కింద 56,921 పౌన్లు. కోర్టు తీర్పు కాదు కాబట్టి మిగతావాళ్లకు అది చట్టంగా వర్తించదు. అయినా ఒప్పందంలో ఒక్క మాట ఇరవై ఏళ్ల తర్వాత ఎంత ఖరీదు చేస్తుందో అందరికీ కనపడింది.

కంపెనీ లేకుండా నేరుగా అమ్ముకునే దారీ ఉంది. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకం మీద 15 శాతం తీసుకుంటుంది, అమ్మకాలు 5,000 డాలర్లు దాటితే 10 శాతం. మిగిలింది, చెల్లింపు ఖర్చులు పోగా, కళాకారుడిది. 2020 మార్చిలో కోవిడ్ రోజుల్లో మొదలుపెట్టిన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడేల్లో కంపెనీ తన వాటా వదులుకుంటుంది. అటు స్పాటిఫై 2024 నుంచి, ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినని ట్రాక్‌కి పైసా ఇవ్వదు. జనరేటర్ మోత మీద కట్టిన ట్రాక్‌కి వెయ్యి సార్లు అన్నది చిన్న సంఖ్య కాదు. ఇష్టపడి కొనుక్కునే వందమందే ఇలాంటి సంగీతాన్ని నిలబెడతారని ఈ కాలమిస్టు నమ్మకం. ఆ వందమంది తెలుగువాళ్లలో ఎక్కడో ఉన్నారు. వాళ్లను వెతికి పట్టుకోవడం కూడా సంగీతం పనిలో భాగమే.

తెలుగువాళ్లలో ఈ దారి పట్టినవాళ్లు లేకపోలేదు. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన తెలుగింటి అమ్మాయి శ్వేత యల్లాప్రగడ రావు, రాజకుమారి పేరుతో రాప్ చేస్తుంది. కూచిపూడి నేర్చుకున్న మనిషి. ఫాల్ అవుట్ బాయ్ "సెంచరీస్" పాట రచనలో పాలుపంచుకుంది. పెద్ద కంపెనీ వదిలి సొంతంగా గాడ్‌మదర్ రికార్డ్స్ పెట్టుకుని 2023లో "ది బ్రిడ్జ్" ఆల్బమ్ తెచ్చింది. మూర్తోవిక్ పేరుతో పనిచేసే హైదరాబాద్ డీజే, ప్రొడ్యూసర్ శ్రీరామమూర్తి, అవినాశ్ కుమార్‌తో కలిసి "అంతరిక్ష సంచార్" అనే పనిలో కర్ణాటక సంగీతాన్ని, భరతనాట్యాన్ని, వీడియో గేమ్‌ని ఎలక్ట్రానిక్ శబ్దంతో కలిపాడు. విదేశాల్లో తెలుగు సంఘాల సభలు జరిగినప్పుడు సినీ సంగీత విభావరి తప్పకుండా ఉంటుంది. ఉండాలి కూడా, పిల్లలు ఎగిరి గంతేసేది అక్కడే. దాని పక్కన ఒక చిన్న హాలు, ఒక గంట, ఇలా ఒంటరిగా చేసుకునే తెలుగు కుర్రాళ్లకూ అమ్మాయిలకూ ఇస్తే చాలు. పెద్ద ఖర్చు లేదు, ఒక బల్ల, రెండు స్పీకర్లు.

మళ్లీ పల్నాటి కథ దగ్గరికి రావాలి, ఎందుకంటే హక్కుల మాట అక్కడా ఉంది. చరణ్‌జిత్ ఆ రికార్డు చేసిన 1982లోనే జీన్ రోఘైర్ అనే అమెరికన్ పండితుడు "ది ఎపిక్ ఆఫ్ పల్నాడు" పుస్తకం అచ్చువేయించాడు. పల్నాటి వీరుల కథను ఆలిశెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసుకుని చేసిన అనువాదం అది. ఎవరు పాడారో పుస్తకం పేరుతో సహా చెబుతుంది. ఇవాళ డప్పు శబ్దాన్ని, పంబ శబ్దాన్ని కోసి ట్రాక్‌లో వేసుకునే మనలో ఎంతమంది ఆ పని చేస్తున్నాం? "జానపద శాంపిల్" అని రాసి వదిలేస్తున్నాం.

చట్టం అంత తేలిగ్గా వదిలెయ్యలేదు. మన దేశపు కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఇస్తుంది. 2012 సవరణ తర్వాత ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ కూడా రావాలి. స్వరం కట్టింది ఎవరో తెలియని సంప్రదాయ బాణీ అయినా సరే, ఆ రాత్రి ఆ డప్పు వేసిన చేతులు ఎవరివో తెలుసు.

కాబట్టి ఈ ట్రాక్ ఇంకా విడుదల కాలేదు. డప్పు వేసిన బృందం పెద్దతో ఫోన్లో మాట అయింది. ఆయన అడిగింది ముందు డబ్బు గురించి కాదు, పాటలో మనవాళ్ల పేర్లు పలుకుతాయా అని. పలకవు, కానీ ట్రాక్ కింద అందరి పేర్లూ తెలుగులో ఉంటాయని చెబితే సరే అన్నాడు. వాటా మాత్రం కాగితం మీద ఉండాలన్నది ఈ కాలమిస్టు పట్టు. వచ్చిన దాంట్లో సగం బృందానికి, సగం ఇటు, ఖర్చులు ఇటువైపే. ఆ ఒప్పందం రెండు పేజీలు ఇంగ్లీషులో రాయడం గంట పని. తెలుగులో, ఫోన్లో చదివి వినిపిస్తే ఎవరికైనా అర్థమయ్యేలా రాయడం ఇంకా సాగుతోంది. "మాస్టర్ రికార్డింగ్" దగ్గర ఆగింది. బృందం పెద్ద సలహా ఏమిటంటే, "మొదటి రికార్డు అని రాయి బాబూ, మాకు తెలుస్తుంది."