ఎయిర్ పైపుకి మూత

సోలార్ గీజరు నుంచి వేడినీళ్లు సన్నటి ధారగా వస్తున్నాయంటే చాలా ఇళ్లలో కారణం ఎత్తు చాలకపోవడమే. 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీళ్లు ఇచ్చే ఒత్తిడి సుమారు 1 బార్. సికింద్రాబాద్‌లో మా డాబా మీది 200 లీటర్ల ట్యాంకు, కింది షవరుకి 2 మీటర్ల పైన ఉంది. అంటే 0.2 బార్. 10 లీటర్ల బకెట్టు నిండడానికి 5 నిమిషాలు పట్టేది. ట్యాంకు ఈశాన్యంలో ఉంది కాబట్టే ఇలా అవుతోందని, నైరుతికి మార్చమని పక్కింటాయన సలహా ఇచ్చారు. "మార్చినా ఎత్తు అంతే కదండీ" అంటే నవ్వి ఊరుకున్నారు. వాస్తుతో అయ్యేది ఖర్చే, ప్రాణాలకి ముప్పు లేదు.

ముప్పు పంపు బిగించడానికి వచ్చిన మెకానిక్ మాటలో కనిపించింది. చన్నీళ్లు ట్యాంకులోకి వచ్చే చోట పంపు పెడతానన్నాడు. అప్పుడు ఎయిర్ పైపులోంచి నీళ్లు పొంగవా అని అడిగాను. "దానికి ఎండ్ క్యాప్ కొట్టేస్తాం సార్. మీ వీధిలో నాలుగిళ్లకి అలాగే చేశాం, ఏమీ కాలేదు" అన్నాడు.

తాయెత్తు కట్టించుకున్నవాళ్లు చెప్పేదీ ఈ మాటే. ఏమీ కాలేదు! అభ్యంతరం రాకుండా పదేళ్లు నడిచిన లెక్కల్లో తప్పులు బయటపడడం నేను ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. కాబట్టి కాగితం తీసి లెక్క వేశాను.

200 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకి వేడెక్కితే సుమారు 5 లీటర్లు పెరుగుతాయి. ఆ 5 లీటర్లు ఎక్కడో ఒకచోట జమ పడాలి. మామూలుగా చన్నీళ్ల ట్యాంకు వైపు వెనక్కి పోతాయి, లేదా ఎయిర్ పైపులోకి లేస్తాయి. పంపు దగ్గర నాన్ రిటర్న్ వాల్వు పెట్టి, పైన మూత బిగిస్తే రెండు దారులూ మూసుకుపోయినట్టే. దానికి తోడు 1 బార్ ఇచ్చే పంపు. 1 బార్ అంటే చదరపు మీటరుకి 10 టన్నులు. ఇలాంటి ట్యాంకు రేకు పల్చగా ఉంటుంది, నీళ్ల బరువు మోయడానికి చేసినదే తప్ప ఒత్తిడికి చేసినది కాదు. గాజు గొట్టాలు దానిలోకి రబ్బరు రింగులతో దూర్చి ఉంటాయి, అంతే. అవి ఊడితే మరిగే నీళ్లు డాబా మీద బట్టలారేసేవాళ్ల మీద పడతాయి.

మెకానిక్‌కి ఈ లెక్క చూపిస్తే ఒప్పుకోలేదు. "మీరు ఇంజనీరా సార్?" అని అడిగాడు. కాదు, బి.కాం. అన్నాను. ఇంకొకరిని పిలిచాను.

ఇప్పుడు వేడినీళ్లకి తట్టుకునే పంపు ట్యాంకు నుంచి బయటికి వచ్చే లైనులో, ట్యాంకు అడుగు కంటే కింద ఉంది. ఎయిర్ పైపు తెరిచే ఉంది. పంపు లాగుతున్నప్పుడు గాలి లోపలికి రావాలన్నా అది తెరిచే ఉండాలి, లేకపోతే ట్యాంకు సొట్టపోవచ్చు. వేడినీళ్లకి ఒక్కదానికే పంపు పెడితే మిక్సరులోంచి అవి చన్నీళ్ల పైపులోకి తోసుకుపోతాయి. అందుకని అటు కూడా ఒక పంపు, రెండు వైపులా నాన్ రిటర్న్ వాల్వులు పెట్టించాం. ఎర్తింగ్ సంగతి చెప్పక్కర్లేదు. బకెట్టు ఇప్పుడు 70 సెకన్లలో నిండుతోంది.

పక్కింటాయన ట్యాంకుని నైరుతికి మార్పించారు. వాళ్ల ఎయిర్ పైపుకి మూత అలాగే ఉంది. రెండుసార్లు చెప్పాను. ఆదివారం వాళ్లబ్బాయి వస్తున్నాడట, లెక్క కాగితం అతనికి ఇవ్వాలి.